ఊపిరి, మైకు, సినాట్రా

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఫ్రాంక్ సినాట్రా గురించి మాట్లాడమన్నారు. నాలుగు పెళ్లిళ్లు, మాఫియా, లాస్ వేగాస్, కెనెడీలు అంటూ మొదలుపెడితే గంట ఇట్టే గడిచిపోతుంది, పాట మాత్రం అలాగే మిగిలిపోతుంది. సినాట్రా మీద వచ్చిన రాతల్లో చాలా వాటికి ఈ గతే పట్టింది. అందుకని నేను వీలైనంతవరకు రికార్డుల మీదే ఉంటాను. మధ్యలో కథలు తగిలితే తగలనివ్వండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. గొంతు బలం లెక్కన చూస్తే సినాట్రాను మించినవాళ్లు అమెరికాలోనే బోలెడుమంది ఉన్నారు. స్వరలిపి చదవడం అతనికి సరిగ్గా రాదు. సంగీతం గురువు దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకున్నవాడూ కాదు. అయినా అమెరికన్ పాట గురించి మాట్లాడాల్సి వస్తే అతని పేరు ఎత్తకుండా కుదరదు. ఎందుకంటే, పాటలోని వాక్యాన్ని ఎక్కడా విరగ్గొట్టకుండా, మనిషి మాట్లాడినట్టు వినిపించేలా పాడటం అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా అభిప్రాయం. అందుకు కావలసిన ఊపిరి ఒక ట్రాంబోన్ (గొట్టం ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే ఇత్తడి వాయిద్యం) వాద్యకారుడి వీపు చూసి నేర్చుకున్నాడు. దాన్ని మన చెవి దాకా చేర్చే పని మైకు చేసింది.

ఆ మైకు దగ్గరే మొదలుపెడదాం. 1925కి ముందు రికార్డింగ్ అంటే కరెంటుతో పని లేదు. పెద్ద గరాటా లాంటి హారన్ ముందు నిలబడి గట్టిగా పాడాలి, ఆ ధ్వని బలంతోనే సూది మైనం మీద గీత గీయాలి. నెమ్మదిగా పాడితే ఆ గీతే పడదు. స్టేజీ మీదా అంతే. మన పద్యనాటకాల్లో ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా వినపడాలని నటులు గొంతెత్తి రాగం తీసేవారు చూడండి, అక్కడి గాయకుల తిప్పలూ అవే. 1925లో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చింది. ఇక అరవక్కర్లేకపోయింది. ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పుకున్నట్టు పాడొచ్చు. దీన్ని మొదట బాగా పట్టుకున్నది గాయకుడు బింగ్ క్రాస్బీ. సినాట్రా కుర్రతనంలో గోడ మీద బొమ్మ పెట్టుకున్నది కూడా ఆయనదే. మన దగ్గర ఎ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్ లాంటి మెత్తని గొంతులు సినిమాల్లో నిలబడ్డాయంటే ఆ చలవ కొంత మైకుదే.

సినాట్రా 1915 డిసెంబర్ 12న న్యూజెర్సీలోని హోబోకెన్‌లో పుట్టాడు. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే జెర్సీ సిటీకి ఆనుకునే ఉంటుంది ఆ ఊరు. ఇక్కడున్నవారిలో కొందరి పిల్లలు రోజూ ఆ స్టేషన్‌లోనే రైలు మారుతుంటారేమో. హడ్సన్ నది ఒడ్డున నిలబడితే ఎదురుగా మన్‌హాటన్ కనిపిస్తుంది. అమ్మానాన్నలిద్దరూ ఇటలీ నుంచి వచ్చినవాళ్లు. కాన్పు చాలా కష్టమైంది. డాక్టరు పట్టకారు వేసి లాగడంతో బిడ్డ చెవి, చెంప, మెడ గాయపడ్డాయి. చెవి లోపలి పొర చిల్లుపడింది. ఆ చెవి కారణంగానే తర్వాత యుద్ధకాలంలో సైన్యంలోకి తీసుకోలేదు. వాళ్లమ్మ డాలీ పేటలో పేరున్న మనిషి, రాజకీయాల్లో తిరిగేది, నోరు పెద్దది. నాన్న మార్టీ కొన్నాళ్లు బాక్సింగ్ చేసి తర్వాత ఫైర్‌మన్ అయ్యాడు. పిల్లాడు హైస్కూల్ పూర్తి చెయ్యలేదు.

1935లో హోబోకెన్ ఫోర్ అని సినాట్రాతో సహా నలుగురు కుర్రాళ్లు కలిసి రేడియోలో మేజర్ బోస్ పోటీలో గెలిచారు. తర్వాత ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్ దగ్గర రస్టిక్ క్యాబిన్ అనే రోడ్డు పక్క రెస్టారెంట్‌లో సినాట్రా పాటలు పాడుతూ వడ్డన కూడా చేసేవాడు. జీతం తక్కువే. కానీ అక్కడి నుంచి న్యూయార్క్ రేడియోకి లైన్ ఉండేది. ఆ లైన్ కోసమే ఆ పనిలో చేరాడు. 1939లో ట్రంపెట్ వాద్యకారుడు హ్యారీ జేమ్స్ ఆ పాట విని, తన కొత్త బృందంలోకి పిలిచాడు.

ఆ రోజుల్లో గాయకుడి స్థానం ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అప్పుడు స్టార్ అంటే బ్యాండ్ లీడరు. జనం డాన్స్ చెయ్యడానికి వచ్చేవారు. పాటలో మొదట వాయిద్యాలు ఒక ఆవృత్తి వాయించేవి, అప్పుడు గాయకుడు లేచి వచ్చి ఒక చరణం పాడి తిరిగి కుర్చీలో కూర్చునేవాడు. రికార్డు లేబుల్ మీద అతని పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది. 1939 ఆగస్టులో జేమ్స్ బృందంతో సినాట్రా 'ఆల్ ఆర్ నథింగ్ ఎట్ ఆల్' రికార్డు చేశాడు. అది అప్పుడు ఎనిమిది వేల కాపీల దగ్గర ఆగిపోయింది. నాలుగేళ్ల తర్వాత అదే రికార్డును మళ్లీ వదిలారు. పాట అదే, గొంతు అదే. ఈసారి లేబుల్ మీద సినాట్రా పేరు పైకొచ్చింది, పదిలక్షలకు పైగా అమ్ముడైంది. ఆ నాలుగేళ్లలో అమెరికా పాటల వ్యాపారం ఎంత తలకిందులైందో తెలియాలంటే ఆ ఒక్క రికార్డు చాలు.

1940 జనవరి నాటికి సినాట్రా టామీ డోర్సీ బృందంలో ఉన్నాడు. డోర్సీ ట్రాంబోన్ వాయించేవాడు. ట్రాంబోన్ వాయించాలంటే చాలా ఊపిరి కావాలి. కానీ డోర్సీ ఎనిమిది, పన్నెండు బార్లు ఎక్కడా తెగకుండా లాగేవాడు. బార్ అంటే మన ఆవర్తనంలా తాళంలో ఒక చుట్టు అనుకోండి. సినాట్రా రోజూ రాత్రి అతని వెనకే కూర్చునేవాడు. కోటు వీపు ఎప్పుడు ఉబ్బుతుందా అని చూసేవాడు. ఎంతకీ కదిలేది కాదు. చివరికి కనిపెట్టిందేమంటే, డోర్సీ పెదవి మూలన సూదిమొనంత సందు చేసుకుని, వాయిద్యం పెదవికి ఆనించే ఉంచి, ఎవరికీ తెలియకుండా గాలి పీల్చేస్తున్నాడు.

ఇక సినాట్రా ఈత మొదలుపెట్టాడు. నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టి కొలను ఈ చివర నుంచి ఆ చివరికి ఈదేవాడు. ట్రాక్ మీద పరుగెత్తేవాడు. వయొలిన్ విద్వాంసుడు యాషా హైఫెట్స్ కమాను దిశ మార్చినా ధార తెగకపోవడం విని, గొంతుతో అలా చెయ్యాలనుకున్నానని తర్వాత అతనే రాసుకున్నాడు.

ఈ ఊపిరి వల్ల ఒరిగిందేమిటి? మామూలు గాయకుడికి ప్రతి నాలుగు బార్లకూ గాలి కావాలి. రాగం ఎక్కడ ఆగితే అక్కడ ఆగి పీలుస్తాడు. దాంతో 'నువ్వు వెళ్లిపోయాక' అని ఆగి, గుటక మింగి, 'నాకు నిద్ర పట్టలేదు' అన్నట్టుంటుంది. ఇద్దరు మనుషులు మాట్లాడుకునేటప్పుడు అలా ఎవరూ ఆపరు. సినాట్రా ఆ సందులో ఆగడు. మొదటి పాదం చివరి మాటను సాగదీసుకుంటూ తిన్నగా రెండో పాదంలోకి నడిచిపోతాడు. గాలి ఎక్కడ పీల్చుకుంటాడంటే, మాట్లాడే మనిషి ఆలోచించుకోవడానికి ఆగే చోట. వినేవాడికి ఇదంతా తెలియదు. 'ఈయన పాడటం లేదు, నాతో చెబుతున్నాడు' అనిపిస్తుంది, అంతే.

ఇంకో కిటుకు ఉంది, మనవాళ్లకు బాగా ఆసక్తి కలిగించేది. మన మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి. రాగం తియ్యాలన్నా, సాగదియ్యాలన్నా ఆ, ఈ, ఊ మీదే. ఇంగ్లీషులో మాటలు ఎక్కువగా హల్లు దగ్గర టక్కున మూసుకుపోతాయి. సినాట్రా ఏం చేస్తాడంటే మ్, న్, ల్ లాంటి వాటిమీద నిలబడిపోతాడు. పెదవులు మూసుకున్నాక కూడా స్వరం లోపల మోగుతూనే ఉంటుంది. మైకు లేని రోజుల్లో ఈ పని మొదటి వరస వాళ్లకు కూడా వినపడేది కాదు. ఇక ప, బ, ట లాంటివి మైకులో ఫట్‌మని పేలతాయి కదా, వాటి దగ్గర మైకును ఒకింత దూరం జరుపుతాడు. మైకు వాడుతున్నట్టు జనానికి అనిపించకూడదని స్టేజీ మీద నల్లది పట్టుకునేవాడు, నల్ల కోటులో కలిసిపోతుందని.

డోర్సీతో ఎనభై పైచిలుకు రికార్డులు చేశాడు. వాటిలో 'ఐ విల్ నెవర్ స్మైల్ అగైన్' ఒక్కటి చెబుతాను. కెనడాకు చెందిన రూత్ లో అనే పియానిస్ట్, భర్త చనిపోయాక రాసుకున్న పాట అది. 1940 జులైలో బిల్‌బోర్డ్ పత్రిక దేశమంతటి అమ్మకాలు చూసి మొట్టమొదటి పట్టిక వేసినప్పుడు మొదటి స్థానంలో ఉన్నది ఇదే. పన్నెండు వారాలు అక్కడే కూర్చుంది. అంతా కలిసి పాడిన పాట అది, పైడ్ పైపర్స్ అనే గాయక బృందంతో కలిసి సినాట్రా పాడాడు. అయినా చెవి అతని వెనకే పోతుంది.

1942లో డోర్సీని వదిలేశాడు. వదలడం అంత తేలిగ్గా కాలేదు. సంపాదనలో మూడో వంతు డోర్సీకి, ఆపైన అతని మేనేజరుకు పదో వంతు ఇవ్వాలని కాగితం మీద సంతకం ఉంది. లాయర్లు దిగి, ఏజెన్సీ డబ్బు కట్టి విడిపించింది. ఈ విడుదల వెనక మాఫియా పిస్తోలు ఉందన్న కథ మీరు వినే ఉంటారు. సినిమాకు బాగుంటుంది ఆ కథ.

ఆ ఏడాది డిసెంబర్ 30న న్యూయార్క్ పారామౌంట్ థియేటర్లో బెన్నీ గుడ్‌మన్ బృందంతో కార్యక్రమం. పోస్టర్ మీద సినాట్రా అదనపు ఆకర్షణ మాత్రమే. తెర వెనక నుంచి అతను అడుగు బయట పెట్టగానే హాలంతా ఆడపిల్లల కేకలు. ప్రచారం చూసుకునే జార్జ్ ఎవాన్స్ తర్వాత్తర్వాత కొందరు అమ్మాయిలకు డబ్బులిచ్చి మరీ అరిపించాడని అంటారు. అరిపించే ఉండొచ్చు. కానీ 1944 అక్టోబర్‌లో అదే థియేటర్ బయట వేలమంది పోగై పోలీసులకు చేతకాకుండా పోయినప్పుడు, అంతమందికీ డబ్బులు పంచలేరు కదా. (నవ్వులు)

అదే సమయంలో ఇంకోటి జరిగింది. 1942 ఆగస్టు నుంచి వాద్యకారుల సంఘం రికార్డింగ్ స్టూడియోల మీద సమ్మె కట్టింది. రికార్డులు అమ్ముకుని కంపెనీలు బాగుపడుతున్నాయి, మాకేం దక్కుతోందని వాళ్ల గొడవ. రెండేళ్లకు పైగా నడిచింది. గాయకులు ఆ సంఘంలో లేరు కాబట్టి వాళ్లు పాడొచ్చు. దాంతో సినాట్రా 1943లో కొలంబియాకు చేసిన మొదటి రికార్డుల్లో వాయిద్యం ఒక్కటీ ఉండదు. వెనక కోరస్ గొంతులే ఆర్కెస్ట్రా పని చేస్తాయి. ఇప్పుడు వింటే వింతగా ఉంటాయి, నాకైతే పెద్దగా ఇష్టం లేదు. కానీ సమ్మె ముగిసేసరికి బ్యాండ్ల వైభవం సన్నగిల్లింది, గాయకుడు ముందుకొచ్చాడు. యుద్ధం, పన్నులు, ప్రయాణాల ఇబ్బందులు, ఈ సమ్మె అన్నీ కలిసి చేసిన పని అది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆనాటి ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది. ఒక్కో పాట ఒక్కో సరుకు. 1946లో కొలంబియా 'ది వాయిస్ ఆఫ్ ఫ్రాంక్ సినాట్రా' అని నాలుగు ప్లేట్లు, ఎనిమిది పాటలు ఒక అట్టపెట్టెలో పెట్టి అమ్మింది. ఆక్సెల్ స్టార్డాల్ ఏర్పాటు చేసిన చిన్న బృందం, నాలుగు వయొలిన్ కుటుంబపు వాయిద్యాలు, ఒక గిటారు, ఇంకా కొన్ని. ఎనిమిదింటికీ ఒకటే మూడ్. ప్లేటు మార్చడానికి మూడు నిమిషాలకోసారి లేవాల్సి వచ్చినా, లేచి వచ్చి కూర్చున్నాక అదే గదిలో ఉన్నట్టు ఉంటుంది. అప్పటికి అలాంటి ఆలోచన ఉన్నవాళ్లు తక్కువ. 1948లో కొలంబియా ఎల్‌పీని, అంటే ఒక్కో వైపు చాలా పాటలు పట్టే ప్లేటును, ప్రవేశపెట్టినప్పుడు మొదట ఎల్‌పీ మీదకు ఎక్కిన పాప్ పాటలు ఇవే.

ఆ వెంటనే పతనం. దీన్ని క్లుప్తంగా చెప్పేస్తాను. భార్య నాన్సీని వదిలి నటి ఆవా గార్డ్‌నర్ వెంట పడ్డాడు, పత్రికలు పీక్కుతిన్నాయి. 1950లో కోపాకబానా క్లబ్బులో పాడుతుండగా నోరు తెరిస్తే గొంతు రాలేదు. స్వరతంత్రులు చిట్లి రక్తం వచ్చింది. సినిమాలు తీసే ఎంజీఎం స్టూడియో అతన్ని తీసేసింది. కొలంబియాలో మిచ్ మిల్లర్ అనే నిర్మాత కొత్త ఊపు కోసం రకరకాల గారడీ పాటలు చేయిస్తుండేవాడు. 1951లో డాగ్‌మార్ అనే టీవీ తారతో కలిసి 'మామా విల్ బార్క్' అని కుక్క మొరుగుళ్లున్న పాట పాడించాడు. నేను విన్నాను. మీరు వినక్కర్లేదు. అయితే తప్పంతా మిల్లర్‌దే అనడం అన్యాయం. పాడనని చెప్పే హక్కు సినాట్రాకు ఉంది, పాడాడు. 1952లో కొలంబియా ఒప్పందం ముగిసింది, కొనసాగించలేదు. అప్పటికి అతనికి 36 ఏళ్లు. పనైపోయిందనే అందరూ అనుకున్నారు.

'ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ' సినిమాలో చిన్న వేషం బతిమాలి తెచ్చుకుని, దానికి 1954లో సహాయనటుడిగా ఆస్కార్ అందుకున్న సంగతి అందరికీ తెలిసిందే. కానీ ఆ సినిమా విడుదలకు ముందే, 1953 మార్చిలో, కాపిటల్ రికార్డ్స్‌తో ఒప్పందమైంది. ఏడాదికి మాత్రమే, అడ్వాన్సు లేదు. ఈ వార్త చెబితే కంపెనీ సేల్స్‌వాళ్లే నిట్టూర్చారట. అక్కడ అతనికి నెల్సన్ రిడిల్ దొరికాడు. ఆర్కెస్ట్రా ఏర్పాట్లు, అంటే ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో, రాసేవాడు. ఆయన కూడా డోర్సీ బృందంలో ట్రాంబోన్ వాయించినవాడే, సినాట్రా వెళ్లిపోయాక చేరాడు. అంటే ఇద్దరూ ఒకే బడిలో చదివారన్నమాట. గాయకుడు ఊపిరి పీల్చుకునే చోటు తెలిసిన మనిషి ఆర్కెస్ట్రా రాస్తే, ఆ సందులోనే ఫ్లూటో, వయొలినో వచ్చి వెళ్లిపోతుంది. గొంతుకు అడ్డం రాదు. 1953 ఏప్రిల్ 30న ఇద్దరూ చేసిన 'ఐ హావ్ గాట్ ది వరల్డ్ ఆన్ ఎ స్ట్రింగ్' వింటే, రెండేళ్ల క్రితం కుక్కతో పాడిన మనిషి ఇతనేనా అనిపిస్తుంది. గొంతు కూడా మారింది. కుర్రతనపు తీపి పోయి అడుగున బరువు చేరింది.

1955లో 'ఇన్ ది వీ స్మాల్ అవర్స్' వచ్చింది. పదహారు పాటలు, అన్నీ తెల్లవారుజామున నిద్రపట్టని మనిషివి. ఆవా దూరమైన రోజులవి. అట్ట మీద నీలిరంగు వీధి, దీపస్తంభాలు, టోపీ పెట్టుకుని సిగరెట్ పట్టుకున్న సినాట్రా బొమ్మ. రికార్డింగులు సాయంత్రం ఎనిమిదికి మొదలై అర్ధరాత్రి దాటేవి. గొంతు పగలు పనికిరాదని అతని నమ్మకం. ఇప్పటిలా ఒక్కొక్కరిని వేరువేరుగా రికార్డు చేసి అతికించడం లేదు. ఆర్కెస్ట్రా మొత్తం ఒకే గదిలో, మధ్యలో సినాట్రా, అందరూ ఒకేసారి. వయొలిన్‌వాళ్లు తప్పు చేసినా, ఇతను చేసినా మళ్లీ మొదటి నుంచి. పాటల వరస ముందే రాసుకుని వచ్చేవాడు. మొదటి పాట ఏది, అవతలి వైపు దేనితో తిరగాలి అన్నది అతనే తేల్చేవాడు.

ఇక్కడ ఒక రాత్రి గురించి వివరంగా చెబుతాను. 1956 జనవరి 12, హాలీవుడ్‌లో కేహెచ్‌జే స్టూడియో. 'సాంగ్స్ ఫర్ స్వింగిన్ లవర్స్' ఆల్బమ్‌కు పాటలు చాల్లేదని చివరి నిమిషంలో కోల్ పోర్టర్ రాసిన 'ఐ హావ్ గాట్ యూ అండర్ మై స్కిన్' చేర్చారు. రిడిల్ రాత్రంతా కూర్చుని ఏర్పాటు రాశాడు. తెమలలేదు. స్టూడియోకి వెళ్తూ భార్య కారు నడుపుతుంటే వెనక సీట్లో కూర్చుని పూర్తి చేశాడు. ఒకసారి వాయించి చూడగానే వాద్యకారులే రిడిల్‌కు చప్పట్లు కొట్టారట.

మామూలు పాటలు అప్పట్లో 32 బార్లు ఉండేవి. ఇది 56. మొదలైనప్పుడు గొంతు తీరుబడిగా వస్తుంది, వెనక మందమైన చిన్న వరస ఒకటి తిరుగుతూ ఉంటుంది. వయొలిన్లు ఒక్కో మెట్టు పైకెక్కుతాయి. గాయకుడు తప్పుకుంటాడు. రిడిల్ అక్కడ ఒకే సంగతిని ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతాడు, ఇక పట్టలేదనుకునే చోట మిల్ట్ బెర్న్‌హార్ట్ ట్రాంబోన్ విరుచుకుపడుతుంది. కాగితం మీద అతనికి స్వరాలు రాసిలేవు, కార్డుల (కలిసి మోగే స్వరాల గుంపుల) పేర్లే ఉన్నాయి. అప్పటికప్పుడు ఊహించి వాయించాలి. ఒక టేక్, రెండు టేకులు, పది టేకులు. మధ్యలో ట్రాంబోన్‌కు దగ్గరలో ఇంకో మైకు పెడదామని చూస్తే అది పైన ఎత్తులో ఉంది. బెర్న్‌హార్ట్ అందుకోవడానికి కాళ్ల కింద పెట్టె తెచ్చి వేశారు. మొత్తం 22 టేకులు అయ్యాయి. తన బలమంతా మొదటి టేకుల్లోనే అయిపోయిందని బెర్న్‌హార్ట్ తర్వాత చెప్పుకున్నాడు. మనం వింటున్నది ఆఖరిది. ట్రాంబోన్ ఆగాక సినాట్రా తిరిగి వచ్చేటప్పుడు చూడండి, మొదటి సగంలో మర్యాదగా పాడిన అవే మాటలను ఈసారి అరిచినట్టే అంటాడు. మళ్లీ చివరికి మొదలుపెట్టిన చోటికే దిగిపోతాడు. మూడు నిమిషాల నలభై సెకన్ల పాటలో ఇంత ఉంది. నన్నడిగితే అతని రికార్డులన్నిటిలో ఇదే మొదటిది.

అయితే దుఃఖం పాడటంలో 1958 నాటి 'ఓన్లీ ది లోన్లీ'దే పైచెయ్యి. అందులో చివరి పాట 'వన్ ఫర్ మై బేబీ'. రాత్రి పావు తక్కువ మూడింటికి బార్‌లో కూర్చున్నవాడు, మూసేసే వేళ అయిందని తెలిసి కూడా, బార్ నడిపేవాడితో తన గోడు వెళ్లబోసుకోవాలని చూస్తాడు. అసలు గోడు ఏమిటన్నది చివరిదాకా చెప్పడు. వెనక బిల్ మిల్లర్ పియానో, బార్‌లో ఎవరో పరధ్యానంగా వాయిస్తున్నట్టు. సినాట్రా తాళానికి వెనకబడి పాడతాడు, తూలుతున్న మనిషి మాట వెనకబడ్డట్టు. నిజానికి లెక్క ఎక్కడా తప్పదు. ఆ రోజుల్లోనే బిల్లీ స్ట్రేహార్న్ రాసిన 'లష్ లైఫ్' కూడా ప్రయత్నించి, మెలికలు తిరిగిన ఆ రాగం చేతికి చిక్కక మధ్యలో వదిలేశాడు. ఆ తెగిన టేపులు ఇప్పుడు దొరుకుతాయి. గొప్పవాడు తడబడితే ఎలా ఉంటుందో వినడం కూడా ఒక పాఠమే.

జాజ్ గాయని బిల్లీ హాలిడే ప్రభావం తన మీద అందరికంటే ఎక్కువని అతను బహిరంగంగా చెప్పాడు. ఆమెకూ పెద్ద గొంతు లేదు, మాటను తాళం మీద జరిపి ఉంచడంలోనే ఆమె విద్యంతా. ఇంకో మంచి అలవాటు ఉంది. స్టేజీ మీద పాట ముందో వెనకో, రాసిందెవరు, ఆర్కెస్ట్రా ఏర్పాటు ఎవరిది అని పేరు పెట్టి చెప్పేవాడు. మన సినిమా పాటల కార్యక్రమాల్లో యాంకర్లు హీరో పేరు చెప్పి ఊరుకుంటారు చూడండి, అప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

మనిషి సంగతి పూర్తిగా దాటేస్తే బాగుండదు. నోటి దురుసు, చెయ్యి దురుసు రెండూ ఉన్నాయి. పాత్రికేయులను కొట్టిన కేసులున్నాయి. మాఫియా నాయకులతో స్నేహం కల్పన కాదు. సామ్ జియాంకానాను తన కాల్ నేవా హోటల్లో ఉండనిచ్చాడన్న గొడవ మీద 1963లో నెవాడా జూద లైసెన్సు వదులుకోవాల్సి వచ్చింది. ఎఫ్‌బీఐ అతని మీద రెండు వేల పేజీలకు పైగా ఫైలు పెంచింది. మరో పక్క 1945లోనే జాతి ద్వేషానికి వ్యతిరేకంగా 'ది హౌస్ ఐ లివ్ ఇన్' అనే చిన్న సినిమాలో నటించాడు, దానికి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. నల్లవారిని గదుల్లోకి రానివ్వని లాస్ వేగాస్ హోటళ్లతో స్నేహితుడు సామీ డేవిస్ జూనియర్ కోసం పోట్లాడాడు. అదే సామీ మీద స్టేజీ మీద వేసిన ఒంటి రంగు జోకులు ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. రెండూ అతనే.

1960లో సొంత కంపెనీ రిప్రైజ్ పెట్టాడు. కాపిటల్ వాళ్లు తన మాట వినడం లేదని కోపం. సొంత కంపెనీ అయ్యాక ఎక్కువ పాడాడు, పదును ఒకింత తగ్గింది. అయినా జాజ్ బ్యాండ్ లీడర్లు కౌంట్ బేసీతో, డ్యూక్ ఎల్లింగ్టన్‌తో చేసినవి ఉన్నాయి. 1967లో బ్రెజిల్ స్వరకర్త ఆంటోనియో కార్లోస్ జోబిమ్‌తో మూడు రాత్రుల్లో చేసిన ఆల్బమ్ తప్పకుండా వినాలి. యాభై దాటిన మనిషి, స్టేడియాలు హోరెత్తించగలవాడు, అందులో గుసగుస కంటే కాస్త ఎక్కువగా పాడతాడు, అంతే. ఇంతకుముందు చెప్పానే మ్, న్ మీద నిలబడటం అని, దానికి అసలైన ఉదాహరణ ఇందులోనే ఉంది.

'మై వే' సంగతి అడుగుతారని తెలుసు. 1968 డిసెంబర్ 30న రికార్డు చేశాడు. ఫ్రెంచి పాట బాణీ, దానికి పాల్ ఆంకా ఇంగ్లీషు మాటలు రాశాడు. ఫ్రెంచి పాటలో ఉన్నది ప్రేమ చల్లారిపోయిన ఇద్దరి రోజువారీ బతుకు. ఇంగ్లీషులో అది ఛాతీ విరుచుకునే పాటగా మారింది. బ్రిటన్ చార్టుల్లో ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉంది. రిటైర్‌మెంట్ పార్టీల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. తండ్రికది స్వోత్కర్షలా అనిపించేదని, తర్వాత్తర్వాత నచ్చలేదని కూతురు టీనా చెప్పింది. నాకూ నచ్చదు. అతని ప్రత్యేకతంతా చెప్పకుండా దాచుకోవడంలో ఉంది, ఈ పాటలో దాచుకోవడానికి ఏమీ లేదు.

1971లో విరమిస్తున్నానని ప్రకటించి రెండేళ్లకే తిరిగొచ్చాడు. 1980 జనవరిలో రియోలోని మారకానా స్టేడియంలో లక్షన్నర మందికి పైగా వచ్చారు. న్యూయార్క్ గురించి ఇవాళ ప్రపంచమంతా పాడుకునే 'న్యూయార్క్, న్యూయార్క్' పాట అతను రికార్డు చేసేటప్పటికి 63 ఏళ్లు. గొంతు గరుకెక్కింది, పై స్వరాలు కష్టపడి అందుకుంటాడు, ఆ కష్టమే ఆ పాటకు అందం.

1993లో 'డ్యూయెట్స్' అని వచ్చింది. లక్షల్లో అమ్ముడైంది. ఆర్కెస్ట్రా మొత్తాన్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక్క తప్పు పడితే మళ్లీ మొదటికి వెళ్లిన మనిషి ఇక్కడ కాపిటల్ స్టూడియోలో తన భాగం పాడేసి వెళ్లిపోయాడు. జంటగా పాడినవాళ్లు వేరే చోట్ల, కొందరు ఫైబర్ ఆప్టిక్ లైన్ల మీద, వాళ్ల భాగాలు చేర్చారు. జంటలో ఒకరి మాటకు ఒకరు బదులిచ్చినట్టు ఉండదు. అది లేనప్పుడు సినాట్రా పాటలో ఇంకేముంటుంది? అమ్మకాలు చూసి మోసపోకండి. 1995 ఫిబ్రవరిలో చివరి కార్యక్రమం, 1998 మే 14న లాస్ ఏంజెలెస్‌లో మరణం.

ఎక్కడ మొదలుపెట్టాలని కుర్రవాళ్లు అడుగుతుంటారు. 1955, 1956, 1958 ఆల్బమ్‌లు మూడూ నేను పేర్లు చెప్పాను, వాటిని పాట పాట విడదీయకుండా ఒక వైపు మొత్తం వినండి. ఫోన్ షఫుల్‌లో పెడితే అతను వేసుకున్న వరసంతా పాడవుతుంది. హెడ్‌ఫోన్స్ ఉంటే మరీ మంచిది, ఊపిరి పీల్చే చప్పుడు అక్కడక్కడా దొరుకుతుంది.

ఇప్పుడు నిర్వాహకులు రెండు పాటలు వినిపిస్తారు. మొదటిది 1940లో డోర్సీ బృందంతో చేసింది, రెండోది ఆ 22 టేకుల పాట. రెండింటికీ మధ్య ప్లేయర్ సరిచేసుకోవడానికి ఒక నిమిషం పడుతుందట, ఈలోగా ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి.